315 రైఫిల్‌లో రెండో తూటా ఇరుక్కుంటోంది – లోపం మ్యాగజైన్‌దా, బోల్ట్‌దా?

దిండి ఒడ్డు

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గర ఊరు. మా నాన్న పేరు మీద ఉన్న 315 బోర్ రైఫిల్, ఆయన పోయాక వారసత్వం కింద నా లైసెన్సులోకి వచ్చింది. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీది, బోల్ట్ యాక్షన్ (బోల్ట్ అనే కడ్డీని చేత్తో వెనక్కి లాగి ముందుకు తోస్తే తూటా ఎక్కుతుంది), ఐదు తూటాలు పట్టే మ్యాగజైన్ (కింద తగిలించే పెట్టె). చాలా ఏళ్లుగా తోలు కవర్లో, బీరువాలోనే ఉంది. ఎన్నికలప్పుడు డిపాజిట్ చేయడం, మళ్లీ తెచ్చుకోవడం తప్ప ఎవరూ వాడింది లేదు.

ఈ మధ్య ఒక గన్ షాపుకు తీసుకెళ్లి డమ్మీ తూటాలతో (మందు లేని నకిలీవి) ఆడించి చూపించమన్నాను. మొదటి తూటా సాఫీగా పోయింది. రెండోది సగం దూరం వెళ్లి గట్టిగా ఆగిపోయింది. మూడో, నాలుగో తూటాల ముక్కు కిందికి వంగి ఛాంబర్ (తూటా కూర్చుని పేలే చోటు) ముందున్న గోడకు గుచ్చుకుంటోంది. చివరిదైతే అసలు కదలదు, బోల్ట్ దాని మీద నుంచి జారిపోయి ఖాళీగా మూసుకుంటుంది. షాపాయన “పాత సామాను, ఇంతే ఉంటది, అమ్మేసి కొత్తది తీసుకోండి” అన్నాడు. నాకు అమ్మే ఉద్దేశం లేదు. నాన్న దాన్ని ఎంత జాగ్రత్తగా చూసుకునేవాడో నాకు తెలుసు. ఇది బాగయ్యే సమస్యేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

మిర్యాల మెకానిక్

అన్నా, ముక్కు గుచ్చుకుంటుంది అంటే ఛాంబర్ ముందున్న వాలు గరుకుగా ఉన్నట్టు. సన్నటి ఆకురాయితో నాలుగు సార్లు లాగి, ఎమరీ పేపర్‌తో పాలిష్ కొడితే జారిపోతుంది. ఎయిర్ గన్‌లకు, ఇంజన్ పార్టులకు ఇట్లనే చేస్తాం.

పాత బోల్ట్

దయచేసి ఆకురాయి ముట్టుకోవద్దు. నేను పోలీసు ఆర్మరర్‌గా, అంటే తుపాకులు చూసుకునే, బాగుచేసే ఉద్యోగిగా పనిచేసి రిటైరయ్యాను. 303 రైఫిళ్లతోనే నా సర్వీసు ఎక్కువ భాగం గడిచింది, ఈ 315 కూడా అదే లీ ఎన్‌ఫీల్డ్ (ఆంగ్లేయుల సైన్యపు పాత రైఫిల్) వంశం. ఆ వాలు ఫ్యాక్టరీలో ఒక కోణంలో కోసింది. కొత్తగా ఉన్నప్పుడు తూటా దాని మీదుగా బాగానే ఎక్కింది కదా? అప్పటి నుంచి ఇప్పటికి ఆ ఇనుము పెరగలేదు. మారింది ఇంకేదో. మారినదాన్ని వదిలేసి మారనిదాన్ని అరగదీస్తే లోపం అలాగే ఉంటుంది, పైగా తీసిన ఇనుము తిరిగి రాదు. ఛాంబర్ అంచు దాకా ఆకురాయి పోతే ఆ రైఫిల్ కాల్చడానికే పనికిరాకుండా పోవచ్చు.

దిండి ఒడ్డు తమ్ముడూ, మీరు చెప్పింది చాలా పనికొచ్చే వివరం. తూటా ఎక్కడ ఆగుతుందో అదే లోపాన్ని చూపిస్తుంది. మీకు మూడు చోట్ల మూడు రకాలుగా ఆగుతోంది. సగంలో గట్టిగా ఆగడం, ముక్కు కిందికి దిగడం, బోల్ట్ పైనుంచి జారిపోవడం. ఈ మూడింటిలో ఒక్కటి కూడా బోల్ట్ వైపు చూపించడం లేదు, మూడూ మ్యాగజైన్ వైపే చూపిస్తున్నాయి. నాకు కొన్ని విషయాలు కావాలి:

షాపులో తూటాలు మ్యాగజైన్‌లోకి ఎలా పెట్టారు? పైనుంచి ఒకదాని మీద ఒకటి నొక్కేశారా, లేక ప్రతి తూటా అంచును కింది దాని అంచు కంటే ముందుకు పెట్టారా?

మ్యాగజైన్ తగిలించాక చేత్తో పట్టుకుని కదిపితే పైకీ కిందికీ ఆడుతుందా?

మ్యాగజైన్ పై అంచులు, అంటే లిప్స్, రెండు వైపులా ఒకేలా ఉన్నాయా?

ఇవి చూసేటప్పుడు ముందు మ్యాగజైన్ తీసేయండి. ట్రిగ్గర్ గార్డ్ లోపల, ట్రిగ్గర్‌కు ముందు ఉన్న చిన్న పట్టీని నొక్కితే ఊడొస్తుంది. తర్వాత బోల్ట్ తెరిచి ఛాంబర్‌లోకి కంటితో చూడండి, చిటికెన వేలితో తడిమి చూడండి. నిజమైన తూటాలు మీరు కూర్చున్న గదిలోనే ఉండకూడదు. లోడింగ్ పరీక్ష ఎప్పుడూ డమ్మీలతోనే, అదీ షాపులోనే.

నల్లమల అంచు

పాత బోల్ట్ సార్, అంచు ముందుకు పెట్టడం అంటే ఏంటో కొంచెం వివరంగా చెప్తారా? మా మేనమామ దగ్గర కూడా 315 ఉంది, అచ్చంపేట దగ్గర. ఆయనా ఇదే బాధ చెప్తుంటాడు.

పాత బోల్ట్

చెప్తాను, ఇది 315 ఉన్న ప్రతి ఒక్కరికీ తెలియాల్సిన సంగతి.

315 తూటా అడుగున అంచు బయటికి పొడుచుకు వచ్చి ఉంటుంది. దాన్నే రిమ్ అంటాం. 30-06 లాంటి తూటాలకు ఇలా బయటికి రాదు, గాడి మాత్రమే ఉంటుంది. రిమ్ ఉన్న తూటాలు మ్యాగజైన్‌లో ఒకదాని మీద ఒకటి కూర్చున్నప్పుడు, పై తూటా రిమ్ కింది తూటా రిమ్‌కు ముందు ఉండాలి. అప్పుడు బోల్ట్ పైదాన్ని తోస్తే అడ్డం లేకుండా జారిపోతుంది. పై తూటా రిమ్ వెనక పడితే, బోల్ట్ తోసినప్పుడు అది కింది తూటా రిమ్‌ను తగులుకుని దాన్ని కూడా ఈడ్చుకుపోవాలని చూస్తుంది. రెండూ కలిసి ముందుకు పోలేవు. చేతికి రాయి తగిలినట్టు ఆగిపోతుంది. దీన్ని రిమ్ లాక్ అంటారు. ఇది రైఫిల్ లోపం కాదు, నింపిన పద్ధతిలో తేడా.

అందుకే లీ ఎన్‌ఫీల్డ్ మ్యాగజైన్ ముందుకు వాలి ఉన్నట్టు కనిపిస్తుంది. తూటాలు మెట్లు మెట్లుగా కూర్చోవడానికే ఆ ఆకారం. నింపేటప్పుడు మొదటి తూటాను పూర్తిగా వెనక్కి జరపాలి. రెండోదాన్ని మొదటి దాని రిమ్‌కు ముందు ఆనించి కిందికి నొక్కాలి. మూడోదాన్ని రెండోదానికి ముందు. ఐదూ అంతే. తొందరపడి పైనుంచి నొక్కేస్తే ఏదో ఒకటి వెనక పడుతుంది.

దిండి ఒడ్డు

సార్, షాపాయన అచ్చంగా మీరు వద్దన్నట్టే నింపాడు. పట పటా నొక్కేశాడు.

ఇంటికొచ్చి ఖాళీ మ్యాగజైన్ తగిలించి చూశాను. అవును, ఆడుతోంది. కిందికి కొంచెం దిగుతోంది, పైకి నొక్కితే మళ్లీ లేస్తోంది. లిప్స్ సంగతి: కుడి వైపు వెనక లిప్ మీద ఏదో పట్టకారుతో పట్టినట్టు రెండు గాట్లు ఉన్నాయి. ఎడమ వైపుతో పోలిస్తే కొంచెం లోపలికి వంగినట్టుంది. ఎవరో ఎప్పుడో సరిచేయబోయినట్టున్నారు. మ్యాగజైన్ లోపల ప్లాట్‌ఫాం (తూటాలను స్ప్రింగు బలంతో పైకి లేపే పలక) నొక్కితే దిగుతుంది కానీ బద్ధకంగా పైకి వస్తోంది. ఒక్కోసారి మధ్యలో ఆగి, తడితే లేస్తోంది. లోపల గోధుమ రంగులో జిగురు పట్టి ఉంది.

పాలమూరు పల్లి

ఆ జిగురు ఏదో వంట నూనె అయ్యుంటుంది. మా తాతల కాలంలో తుపాకులకు ఇంట్లో ఉన్న నూనె పూసేవాళ్లు. ఏళ్ల తరబడి ఉంటే గట్టిపడి లక్కలాగా అంటుకుపోతుంది. చలికాలం పొద్దున అయితే మరీ.

పాత బోల్ట్

పాలమూరు పల్లి చెప్పింది నిజం. వంట నూనెలేవీ తుపాకీకి పనికిరావు. గాలి తగిలి చిక్కబడతాయి, దుమ్మును పట్టుకుంటాయి. మన దగ్గర ఎండాకాలం ఎర్రమట్టి దుమ్ము సన్నగా ఉంటుంది, బీరువాలోకి కూడా వస్తుంది. నూనె, దుమ్ము కలిస్తే ప్లాట్‌ఫాం కదలడానికి చోటుండదు.

ఇప్పుడు బొమ్మ స్పష్టమైంది. మీకు ఒకటి కాదు, నాలుగు చిన్న చిన్న లోపాలు ఒకేచోట చేరాయి. రెండో తూటా సగంలో ఆగడం ఎక్కువగా రిమ్ లాక్ వల్లే. ముక్కు కిందికి దిగడానికి వంగిన లిప్, బద్ధకించిన ప్లాట్‌ఫాం కారణం కావచ్చు. తూటా వెనక భాగాన్ని లిప్ గట్టిగా నొక్కి పట్టి, ముందు భాగానికి స్ప్రింగు ఆసరా సరిగా అందకపోతే ముక్కు వాలుతుంది. చివరి తూటా మీద నుంచి బోల్ట్ జారిపోవడానికి మ్యాగజైన్ కిందికి దిగడమే కారణమని నా గట్టి అనుమానం. బోల్ట్ తలకూ తూటా రిమ్‌కూ తగులు చాలా సన్నగా ఉంటుంది. మ్యాగజైన్ కొంచెం దిగినా ఆ తగులు పోతుంది. ఐదు తూటాలు నిండుగా ఉన్నప్పుడు స్ప్రింగు బాగా నొక్కుకుని ఉంటుంది కాబట్టి పైదాన్ని బలంగా లేపుతుంది. చివరికొచ్చేసరికి స్ప్రింగు బలం తక్కువ, అప్పుడే ఈ దిగుడు బయటపడుతుంది.

దీన్ని తేల్చడానికి సులువైన పరీక్ష ఉంది. మళ్లీ షాపుకు వెళ్లినప్పుడు, డమ్మీలు సరైన వరుసలో నింపించండి. ఒకసారి మామూలుగా ఆడించమనండి. రెండోసారి ఎడమ అరచేత్తో మ్యాగజైన్ అడుగును పైకి నొక్కి పట్టుకుని ఆడించమనండి. నొక్కినప్పుడు చివరి తూటా పోయి, వదిలినప్పుడు పోకపోతే, మ్యాగజైన్‌ను పట్టి ఉంచే క్యాచ్ అరిగిందని అర్థం, లేదా మ్యాగజైన్ వెనక ఉన్న గాటు అరిగిందని.

ఇంకో మాట. ఆడించేటప్పుడు బోల్ట్‌ను చివరిదాకా వెనక్కి లాగాలి. అలవాటు లేనివాళ్లు భయంభయంగా సగం లాగి తోస్తారు. బోల్ట్ తల తూటా రిమ్ వెనక్కి వెళ్లకుండానే తిరిగొస్తే అదేం పట్టుకోగలదు? మంచి రైఫిల్ కూడా అప్పుడు చెడ్డదిగా కనిపిస్తుంది.

మిర్యాల మెకానిక్

సార్, మీరు చెప్పాక అర్థమైంది. ఐతే లిప్ వంగింది కదా, దాన్ని ఇంట్లోనే పట్టకారుతో వెనక్కి వంచితే అయిపోదా? స్ప్రింగు కూడా కొంచెం సాగదీస్తే బలం వస్తుంది.

పాత బోల్ట్

ఆ రెండు గాట్లు పడింది ఈ ఆలోచనతోనే. లిప్ ఉక్కు గట్టిపరిచినది. పట్టకారుతో వంచితే పట్టుకున్న చోట వంగదు, పక్కన వంగుతుంది, ఒక్కోసారి పగులుతుంది. సరిచేసేవాళ్లు లోపల తూటా కొలతకు సరిపోయే దిమ్మె పెట్టి, కొద్దికొద్దిగా తడుతూ, ప్రతిసారీ డమ్మీతో చూసుకుంటూ చేస్తారు. ఎక్కువ తెరిస్తే ఇంకో జబ్బు మొదలవుతుంది, తూటా లిప్స్ మధ్య నుంచి పైకి ఎగిరి వచ్చేస్తుంది.

స్ప్రింగు సాగదీస్తే కొన్నాళ్లు బాగున్నట్టే ఉంటుంది, మళ్లీ కూర్చుంటుంది. ఇది చుట్టల స్ప్రింగు కాదు, మడతలు మడతలుగా ఉన్న పట్టీ స్ప్రింగు. మడత దగ్గర లాగితే అక్కడే అలసిపోయి విరుగుతుంది. అందులోనూ మీ స్ప్రింగు బలహీనపడిందని ఇంకా తేలలేదు. జిగురు పట్టిన పెట్టెలో ఏ స్ప్రింగైనా బద్ధకంగానే కదులుతుంది. ముందు కడగాలి, తర్వాత తీర్పు చెప్పాలి.

కాగితాల మనిషి

నేను ఈ రైఫిల్ పని తెలిసినవాణ్ని కాదు, లైసెన్సు కేసులు చూసే వకీలుని. రెండు మాటలు చెప్పకపోతే ఉండలేను.

ఆయుధాల చట్టం, 1959లోని 5వ సెక్షన్ తుపాకుల తయారీ, అమ్మకంతో పాటు రిపేరును కూడా లైసెన్సు కిందికే తెస్తుంది. నూనె పెట్టడం, తుడవడం, మ్యాగజైన్ కడగడం యజమాని చేసుకునే పనులు. లిప్ సరిచేయడం, క్యాచ్ మార్చడం, బోల్ట్ తల ముట్టుకోవడం లాంటివి రిపేర్ లైసెన్సు ఉన్నవారి దగ్గరే చేయించండి. లేత్ ఉంది కదా అని ఊళ్లో వెల్డింగ్ షాపులో ఇస్తే మీరూ, ఆ షాపాయనా ఇద్దరూ ఇబ్బందుల్లో పడతారు.

రెండోది, నంబరు. బాడీ మీదున్న నంబరే మీ లైసెన్సులో ఉంటుంది. తుప్పు పోగొట్టాలని నంబరు ఉన్న చోట ఎమరీ పేపర్ రుద్దకండి. గుర్తింపు నంబరు చెరపడం, మార్చడం 8వ సెక్షన్ కింద నిషేధం. మీ ఉద్దేశం శుభ్రం చేయడమే కావచ్చు, తనిఖీ చేసే అధికారికి కనిపించేది చెరిగిన నంబరు మాత్రమే.

రిపేరుకు తీసుకెళ్లేటప్పుడు ఒరిజినల్ లైసెన్సు వెంట ఉండాలి. రైఫిల్ ఖాళీగా, కవర్లో ఉండాలి. షాపులో వదిలి వస్తే, నంబరు రాసిన రసీదు లేకుండా బయటికి రావద్దు. లైసెన్సు ఏరియా వాలిడిటీ జిల్లా వరకేనా, రాష్ట్రం మొత్తమా అన్నది ప్రయాణానికి ముందే చూసుకోండి.

పాలమూరు పల్లి

నాకో సందేహం. ఇది బాగయ్యాక అడవి పందుల మీద వాడుకోవచ్చా? మా పల్లి చేను ఏటా పందుల పాలే అవుతోంది. దేవరకొండ వైపు బత్తాయి తోటల్లో కూడా ఇదే గోస అని విన్నాను.

కాగితాల మనిషి

సొంతంగా వాడకూడదు. మీ బాధ నాకు తెలుసు, రాత్రంతా మంచె మీద కూర్చున్న రైతుల కేసులు నేను చూశాను. కానీ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం మన దగ్గర వేట నిషిద్ధం. పంట నాశనం చేసే పందుల విషయంలో ఆ చట్టం 11వ సెక్షన్ కింద అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇస్తేనే, అనుమతి ఉన్న షూటరే కాల్చాలి. తుపాకీ లైసెన్సు వేరు, కాల్చే అనుమతి వేరు. మీ ఊరి పరిస్థితి రాసి అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వండి. పంట నష్టం ఫొటోలు, పంచాయతీ తీర్మానం జతచేస్తే దరఖాస్తుకు బలం ఉంటుంది. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అంచు ఊళ్లయితే ఇంకా జాగ్రత్త, అక్కడ తుపాకీతో కనిపించినా ప్రశ్నిస్తారు.

నల్లమల అంచు

అది నిజం. మా వైపు చీకటి పడ్డాక తుపాకీ కవర్లో పెట్టుకుని బండి మీద పోయినా ఆపుతారు. ఆపడం మంచిదే.

పాత బోల్ట్ సార్, ఒక ప్రశ్న. 303 మ్యాగజైన్లు పాతవి కొన్నిచోట్ల కనిపిస్తాయి కదా, అది తెచ్చి 315కు తగిలిస్తే?

పాత బోల్ట్

పెట్టొద్దు. బయటికి ఒకేలా కనిపించినా తూటాలు వేరు. 315 అంటే ఆస్ట్రియా సైన్యం వాడిన 8×50 మాన్లిచర్ తూటాయే. ఆ 50 అన్నది ఇత్తడి గొట్టం పొడవు, మిల్లీమీటర్లలో. 303 గొట్టం దాదాపు 56 మిల్లీమీటర్లు. రిమ్ కొలత, గొట్టం వాలు కూడా కలవవు. లిప్స్ పనంతా ఆ కొలతల మీదే ఆధారపడి ఉంటుంది. పైగా 303 మన దేశంలో పౌరులకు నిషిద్ధ బోర్, దానికి సంబంధించిన భాగాలు ఇంట్లో పెట్టుకుంటే వకీలు గారు చెప్పిన ఇబ్బందులే.

అసలు 315 పుట్టిందే ఆ నిషేధం వల్ల. సైన్యం చేతిలో ఉన్న తూటా జనం చేతికి పోకూడదని ఆంగ్లేయుల ప్రభుత్వం 303ను పౌరులకు ఆపేసింది. వేటగాళ్లకు, లైసెన్సుదారులకు ఇంకో తూటా కావాల్సి వచ్చింది. సైన్యం దగ్గర లేని మాన్లిచర్ తూటాను లీ ఎన్‌ఫీల్డ్ చట్రంలో కూర్చోబెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ అదే నమూనాను కొనసాగించింది. నాకు ఈ రైఫిల్ అంటే ఉన్న గౌరవం అందుకే. మట్టి, వాన, చలి అన్నీ తట్టుకునేలా గీసిన యుద్ధపు చట్రం ఇది. “పాత సామాను ఇంతే” అనే మాట దీనికి అన్యాయం.

దిండి ఒడ్డు

సార్, ఇది చదువుతుంటే ధైర్యం వచ్చింది. మ్యాగజైన్ నేనే కడగొచ్చు అన్నారు కదా, ఎలా?

పాత బోల్ట్

మ్యాగజైన్ ఊడదీసి, ప్లాట్‌ఫాం వెనక భాగాన్ని నెమ్మదిగా కిందికి నొక్కండి. ముందు కొన పైకి లేచి ముందు లిప్స్ దాటి బయటికి వస్తుంది. స్ప్రింగు దానికే రివెట్ చేసి ఉంటుంది, విడదీయొద్దు. బలవంతం చేయాల్సి వస్తే ఆగిపోండి, రిపేర్ షాపుకే వదిలేయండి.

కిరోసిన్‌లో నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో జిగురు తీయండి. మూలల్లో పాత టూత్ బ్రష్ సరిపోతుంది. ఇనుప బ్రష్ వద్దు. పొడి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక, పల్చటి గన్ ఆయిల్ గుడ్డకు రాసి ఆ గుడ్డతో తుడవండి. మ్యాగజైన్ లోపల నూనె కారేలా ఉండకూడదు. నూనె తూటాలకు అంటితే ప్రైమర్ (తూటా అడుగున మందును అంటించే బిళ్ల) చెడిపోయే ప్రమాదం ఉంది, దుమ్ము కూడా మళ్లీ చేరుతుంది. ఛాంబర్ అయితే కాల్చే ముందు పొడిగా ఉండి తీరాలి.

కడిగాక ప్లాట్‌ఫాంను అన్ని వైపులా నొక్కి చూడండి. ఎక్కడ నొక్కినా వెంటనే లేవాలి.

తోలు కవర్ గురించి కూడా చెప్పాలి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, దాన్ని శుద్ధి చేసిన లవణాలు ఇనుమును తింటాయి. ప్రయాణానికి వాడుకోండి, నిలవ ఉంచడానికి వద్దు. బీరువాలో నిలబెట్టి, మెత్తటి గుడ్డ చుట్టి, పక్కన సిలికా జెల్ సంచి పెట్టండి. తూటాలు వేరే చోట, వేరే తాళం కింద.

వనపర్తి మౌజర్

నా సమస్య కొంచెం వేరు, అయినా ఇక్కడే అడుగుతున్నా. మా ఇంట్లో 275 బోర్ మౌజర్ రైఫిల్ ఉంది. పాత కాలంలో సంస్థానం వాళ్ల దగ్గర పనిచేసిన మా ముత్తాతకు వచ్చిందని ఇంట్లో చెప్తారు. లైసెన్సు నడుస్తోంది. దీనికి మ్యాగజైన్ బయటికి రాదు, అడుగు పలక తీస్తారు. ఈ మధ్య శుభ్రం చేయించాక ఎడమ వైపు తూటాలు సరిగా లేవడం లేదు, కుడి వైపువి బాగానే వస్తున్నాయి. శుభ్రం చేయకముందు ఈ బాధ లేదు.

పాత బోల్ట్

275 అంటే 7×57 మౌజర్ తూటాయే, ఆంగ్లేయులు పెట్టుకున్న పేరు అది. దానికి రిమ్ బయటికి రాదు కాబట్టి రిమ్ లాక్ ఉండదు.

శుభ్రం చేశాకే మొదలైందంటే ముందు ప్లాట్‌ఫాం చూడండి. మౌజర్ ప్లాట్‌ఫాం మీద ఒక పక్కన మిట్ట ఉంటుంది. తూటాలు కుడి ఎడమలుగా అడ్డదిడ్డంగా పేర్చుకోవడానికి అది ఆధారం. ఆ ప్లాట్‌ఫాం స్ప్రింగు మీదకు జారి కూర్చుంటుంది, తిరగేసి కూడా ఎక్కించవచ్చు. అలా ఎక్కితే మిట్ట తప్పు వైపుకు వస్తుంది. చాలాసార్లు ఇదే జరుగుతుంది.

మీ మౌజర్‌కు ఇంకో నియమం ఉంది. దాని ఎక్స్‌ట్రాక్టర్, అంటే కాలిన గొట్టాన్ని బయటికి లాగే భాగం, పొడవాటి పంజా, తూటా మ్యాగజైన్ నుంచి పైకి లేస్తూ ఆ పంజా కిందికి దూరాలి. అందుకే ఒక తూటాను నేరుగా ఛాంబర్‌లో పడేసి బోల్ట్ మూయొద్దు. పంజా రిమ్ మీదుగా బలవంతంగా ఎక్కాల్సి వస్తుంది, కొన్నింట్లో విరుగుతుంది. ఒక్క తూటా అయినా మ్యాగజైన్‌లోకి నొక్కే తీసుకోవాలి. అయితే ముందు చెప్పినట్టు, ఇంట్లో అసలు తూటాలతో ఏ పరీక్షా వద్దు.

వనపర్తి మౌజర్

ధన్యవాదాలు సార్. నేను విప్పను, రిపేర్ లైసెన్సు ఉన్నవాళ్లకే చూపిస్తాను.

దిండి ఒడ్డు

అందరికీ అప్‌డేట్. మ్యాగజైన్ కిరోసిన్‌లో కడిగాను. ఆ కిరోసిన్ గోధుమ రంగు డికాక్షన్‌లా మారింది. ఆరాక ప్లాట్‌ఫాం చేయి తీయగానే లేస్తోంది. అంటే స్ప్రింగు బాగానే ఉంది, సాగదీయకపోవడం మంచిదైంది.

తర్వాత హైదరాబాద్‌లో రిపేర్ లైసెన్సు ఉన్న ఇంకో షాపుకు తీసుకెళ్లాను. ముందు పాత బోల్ట్ సార్ చెప్పిన వరుసలో డమ్మీలు నింపించాను. రెండో తూటా ఆగడం పోయింది. మూడోది, నాలుగోది ముక్కు దించడం అప్పటికీ ఉంది, ముందుకంటే తక్కువ. చివరిది మామూలుగా పోలేదు. అరచేత్తో మ్యాగజైన్ నొక్కి పట్టగానే పోయింది. అక్కడి పెద్దాయన అది చూసి “క్యాచ్ అరిగింది బాబూ” అన్నాడు. నేనేం చెప్పకముందే.

రైఫిల్ వదిలి రసీదు తీసుకుని వచ్చాను. ఆయన దిమ్మె పెట్టి కుడి లిప్ సరిచేశాడు, క్యాచ్ అంచు బాగుచేశాడు. లిప్ మీద పాత గాట్ల చోట సన్నటి పగులు ఉందేమోనని భూతద్దంతో చూసి, లేదని చూపించాడు. తెచ్చుకునే రోజు నా ముందే ఐదు డమ్మీలూ నెమ్మదిగా ఒకసారి, వేగంగా ఒకసారి ఆడించాడు. ఎక్కడా ఆగలేదు. వాలును ఎవరూ ముట్టుకోలేదు.

నాన్న దాచిన తూటాలు కొన్ని ఉన్నాయి, లైసెన్సులో ఎంట్రీ ఉన్నవే. పైన సీసం ముక్కు కొన్నింటికి చదునుగా నొక్కుకుపోయి ఉంది. ఇవి వాడొచ్చా?

పాత బోల్ట్

చాలా సంతోషం తమ్ముడూ. ఆ పెద్దాయన పని తెలిసిన మనిషి.

తూటాల సంగతి: మెత్తటి సీసం ముక్కు ఉన్న తూటాలు మ్యాగజైన్‌లో ఉండగా పైది కాలిస్తే, ఆ కుదుపుకు కిందివి ముందు గోడకు కొట్టుకుంటాయి. ముక్కు చదునవుతుంది. అలాంటి తూటా వాలు మీద తట్టుకోవచ్చు, అంటే బాగుపడిన రైఫిల్ మళ్లీ చెడిందని మీరు అనుకునే ప్రమాదం ఉంది. దానికంటే ముఖ్యం వాటి వయసు. ఇత్తడి మీద పచ్చటి చిలుము, గొట్టం మెడ దగ్గర సన్నటి పగులు, ప్రైమర్ చుట్టూ మరక, వీటిలో ఏది కనిపించినా ఆ తూటా వాడకూడదు. కాల్చినప్పుడు పేలకపోవచ్చు, ఆలస్యంగా పేలవచ్చు, గొట్టం చీలవచ్చు. సొట్ట తీయడం, గరుకు కాగితంతో రుద్దడం లాంటివి కూడా వద్దు.

కాగితాల మనిషి

వాటిని పారేయొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు, పాతిపెట్టొద్దు. లైసెన్సులో లెక్క ఉంది కాబట్టి ఆ లెక్క కాగితం మీదే ముగియాలి. మీ డీలర్ దగ్గర లేదా పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా అప్పగించి రసీదు తీసుకోండి. కొత్తవి లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర, మీ లైసెన్సులో రాసిన పరిమితి మేరకే కొని ఎంట్రీ వేయించుకోండి.

నల్లమల అంచు

మా మేనమామకు ఫోన్‌లో తూటాలు నింపే వరుస చెప్పాను. ఆయన డీలర్ దగ్గర డమ్మీలతో అలా నింపించి చూశాడు, సగంలో ఆగడం పోయిందట. ఇన్నేళ్లూ బోల్ట్ పాడైందనే అనుకున్నాడు.

వనపర్తి మౌజర్

దిండి ఒడ్డు అన్నా, మీరు వెళ్లిన షాపు వివరాలు పర్సనల్ మెసేజ్‌లో పంపగలరా? వచ్చే వారం మౌజర్ తీసుకెళ్దామనుకుంటున్నా.

పాత బోల్ట్

వెళ్లే ముందు ఫోన్ చేసి 7×57 డమ్మీలు ఉన్నాయో లేదో కనుక్కోండి. 315 డమ్మీలు ఉన్నచోట అవి ఉండకపోవచ్చు, డమ్మీ లేకుండా మౌజర్ ఫీడింగ్ చూడలేరు. ప్లాట్‌ఫాం తిరగబడి ఉంటే అడుగు పలక తీయగానే కనిపిస్తుంది. అలా కాకపోతే అప్పుడు తూటాను పట్టి ఉంచే ఎడమ వైపు పట్టాల మీద గీతలు ఉన్నాయేమో చూడమనండి.